ప్రసవ సమయంలో శిశువు గుండె చప్పుడు – వైద్యుని బాధ్యత

ప్రసవం తల్లికే కాదు, పుట్టబోయే శిశువుకు కూడా ఒక కఠిన పరీక్ష. తల్లి తన బాధను నోటితో చెప్పుకోగలదు. శిశువు చెప్పుకోలేదు. గర్భాశయంలో ఉన్నంతవరకు వైద్యునికి లేక మంత్రసానికి ఆ శిశువు పరిస్థితిని తెలియజేసే ప్రధానమైన సంకేతం ఒక్కటే: అది గుండె చప్పుడు. ఈ చప్పుడును వినడం, దాని అర్థాన్ని గ్రహించడం, గ్రహించిన తరువాత తగిన సమయంలో తగిన చర్య తీసుకోవడం ప్రసూతి వైద్యంలో అతి ముఖ్యమైన విధులు. ఈ విధుల్లో లోపం జరిగి శిశువు మరణించినా, జీవితాంతం వికలాంగునిగా మిగిలిపోయినా, ఆ నష్టానికి బాధ్యులెవరు అనే ప్రశ్న తలెత్తుతుంది.

ఈ ప్రశ్నకు సమాధానం పైకి కనిపించినంత సులభం కాదు. గుండె వేగాన్ని గీతగా నమోదు చేసే కాగితం ఉన్నది గనుక, దానిని న్యాయమూర్తి ముందు పరిస్తే నిజం బయటపడుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి ఆ కాగితం కొన్ని విషయాలను విశ్వసనీయంగా చెబుతుంది, మరికొన్ని విషయాలను చెప్పలేదు. ఈ తేడా తెలియకపోతే ఒక ప్రక్క నిర్దోషి అయిన వైద్యుని మీద నింద పడుతుంది. మరొక ప్రక్క నిజంగా అశ్రద్ధకు బలి అయిన కుటుంబానికి న్యాయం దక్కకుండా పోతుంది.

గుండె చప్పుడు వినడం ఎలా మొదలయింది?

గర్భస్థ శిశువు గుండె కొట్టుకోవడాన్ని తల్లి పొట్టపై చెవి ఆనించి వినవచ్చునని 1818లో జెనీవాకు చెందిన మేయర్ అనే వైద్యుడు తెలియజేశాడు. 1821లో కెర్గారడెక్ అనే ఫ్రెంచి వైద్యుడు పారిస్ వైద్య అకాడమీ ముందు ఇదే విషయాన్ని విపులంగా వివరించాడు. అతను స్టెతస్కోప్‌ను కనిపెట్టిన లెన్నెక్ మిత్రుడు. ఉమ్మనీటిలో శిశువు కదిలే సవ్వడి వినిపిస్తుందేమోనని స్టెతస్కోప్ పెట్టిన ఆయనకు గుండె చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులోని మార్పులను బట్టి శిశువు క్షేమంగా ఉన్నదీ లేనిదీ నిర్ణయించవచ్చునా అనే ప్రశ్నను కూడా ఆయనే లేవనెత్తాడు. రెండు శతాబ్దాలు గడిచినా ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం లభించలేదు.

1895లో అడాల్ఫ్ పినార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు చిన్న బాకా ఆకారంలో ఉండే ఒక గొట్టాన్ని తయారుచేశాడు. పినార్డ్ గొట్టంగా పేరుపొందిన ఈ సాధనం ప్రపంచంలో అనేక చోట్ల ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో అమెరికాలో ఎడ్వర్డ్ హాన్, ఉరుగ్వేలో కాల్డెయ్రో బార్సియా, జర్మనీలో హామాకర్ అనే పరిశోధకులు శిశువు గుండె వేగాన్ని యంత్రం ద్వారా ఎడతెగకుండా నమోదుచేసే పద్ధతులను అభివృద్ధి పరిచారు. 1968లో ఇటువంటి యంత్రం మొదటిసారిగా మార్కెట్టులోకి వచ్చింది. దీనినే కార్డియోటోకోగ్రాఫ్ లేక క్లుప్తంగా సి.టి.జి. అంటారు. తల్లి పొట్టకు రెండు పట్టీలు కట్టి, ఒకదానితో శిశువు గుండె వేగాన్ని, రెండవదానితో నొప్పుల రాకపోకలను గ్రహించి, రెండింటినీ ఒకే కాగితంపై పైన ఒకటి, క్రింద ఒకటిగా గీస్తుంది ఈ యంత్రం.

గమనించవలసిన విషయం ఏమంటే, ఈ యంత్రం ప్రయోజనాన్ని శాస్త్రీయంగా పరీక్షించక ముందే అది సంపన్న దేశాల ఆసుపత్రులలో వ్యాపించిపోయింది. తరువాత తలెత్తిన చిక్కులు చాలావరకు ఈ తొందరపాటు నుండి పుట్టినవే.

నొప్పి వచ్చినప్పుడు లోపల ఏమి జరుగుతుంది?

గీతను చదవాలంటే ముందు దాని వెనుక ఉన్న శరీర ధర్మం తెలియాలి. శిశువుకు ప్రాణవాయువు తల్లి రక్తం నుండి మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా అందుతుంది. నొప్పి వచ్చి గర్భాశయం బిగుసుకున్నప్పుడల్లా మాయకు చేరే రక్తం కొంతసేపు తగ్గిపోతుంది. నీటిలో మునిగినవాడు ఊపిరి బిగపట్టినట్లుగా శిశువు ఆ కొద్దిసేపు తనలో ఉన్న నిల్వతో గడుపుతుంది. నొప్పి తగ్గగానే రక్తప్రసారం మళ్ళీ మొదలై శిశువు తేరుకుంటుంది. ఆరోగ్యవంతమైన శిశువు ఈ విధంగా గంటల తరబడి తట్టుకోగలదు.

అయితే నొప్పులు మరీ దగ్గర దగ్గరగా వచ్చినా, మాయ సరిగ్గా పనిచేయకపోయినా, బొడ్డుతాడు నలిగినా, శిశువు ముందే బలహీనంగా ఉన్నా తేరుకునే వ్యవధి చాలదు. క్రమంగా ప్రాణవాయువు తరిగి, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. అది ఒక హద్దు దాటితే మెదడు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ హద్దుకు చేరకముందే ప్రమాదాన్ని పసిగట్టాలన్నది గుండె చప్పుడును వినడంలోని ఉద్దేశం.

కాగితం మీద చూడవలసిన నాలుగు అంశాలు

మొదటిది గుండె యొక్క మూల వేగం. నెలలు నిండిన శిశువు గుండె సాధారణంగా నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకుంటుంది. తల్లికి జ్వరం వచ్చినా ఈ వేగం పెరుగుతుంది. కాబట్టి వేగం పెరిగిన ప్రతిసారీ శిశువుకు ఊపిరాడటం లేదని అర్థం కాదు.

రెండవది వేగంలోని సూక్ష్మమైన హెచ్చుతగ్గులు. ఆరోగ్యంగా ఉన్న శిశువు గుండె గడియారంలా ఒకే లయలో కొట్టుకోదు. నిమిషానికి 5 నుండి 25 వరకు తేడాతో గీత రంపపు పళ్ళలా వంకరటింకరగా సాగుతుంది. ఆ గీత చదునుగా మారిపోతే అనుమానించాలి. కాని శిశువు నిద్రలో ఉన్నప్పుడు, తల్లికి నొప్పి తగ్గించే కొన్ని మందులు ఇచ్చినప్పుడు కూడా గీత కొంతసేపు చదునవుతుంది.

మూడవది అప్పుడప్పుడు వేగం పైకి లేవడం. శిశువు కదిలినప్పుడు గుండె వేగం కనీసం 15 పెరిగి, కనీసం 15 సెకండ్లు నిలిస్తే అది మంచి సూచన. ప్రసవ వేదన సమయంలో ఇది కనిపించనంత మాత్రాన ప్రమాదమని చెప్పడానికి వీలులేదు.

నాలుగవది వేగం పడిపోవడం. వివాదాలన్నీ ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతాయి. నొప్పితోపాటే మెల్లగా తగ్గి, నొప్పితోపాటే కోలుకునే తగ్గుదల సాధారణంగా నిరపాయకరం. హఠాత్తుగా పడిపోయి హఠాత్తుగా లేచే తగ్గుదల బొడ్డుతాడు నలగడం వల్ల వస్తుంది. ప్రసవాలలో ఇది తరచుగా కనిపించేదే. అది ఎంత లోతుగా, ఎంతసేపు, ఎన్నిసార్లు జరుగుతున్నదన్నదే ముఖ్యం. నొప్పి శిఖరానికి చేరిన తరువాత మొదలై, నొప్పి పోయిన తరువాత కూడా కొనసాగే తగ్గుదల మాయ నుండి ప్రాణవాయువు చాలినంతగా అందడం లేదనటానికి సూచన కావచ్చు. గుండె వేగం ఒక్కసారిగా పడిపోయి మూడు నిమిషాలు దాటినా లేవకపోతే అది అత్యవసర పరిస్థితి. అప్పుడు చర్చలకు సమయం ఉండదు.

ఈ నాలుగింటిని కలిపి చూసి గీతను సాధారణం, అనుమానాస్పదం, ప్రమాదకరం అని మూడు తరగతులుగా విభజించే పద్ధతి బ్రిటన్‌లో ఉన్నది. అమెరికాలో 2008 నుండి ఇటువంటి మూడు వర్గాల పద్ధతే అమలులో ఉన్నది. సాధారణమైన గీత, ప్రమాదకరమైన గీత అనే రెండు కొసల విషయంలో నిపుణులు చాలావరకు ఏకీభవిస్తారు. మధ్య తరగతి విషయంలో ఒకే గీతను ఇద్దరు నిపుణులు రెండు విధాలుగా చదవడం, ఒకే నిపుణుడు కొన్నాళ్ళ తరువాత తన అభిప్రాయాన్నే మార్చుకోవడం కూడా కద్దు. ప్రసవాలలో అధికభాగం ఏదో ఒక సమయంలో ఈ మధ్య తరగతిలోకి వచ్చేవే.

యంత్రం చెప్పగలిగేది, చెప్పలేనిది

1985లో ఐర్లాండు రాజధాని డబ్లిన్‌లో సుమారు 13,000 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన ఫలితాలు ప్రకటించబడ్డాయి. ఎడతెగకుండా యంత్రం కట్టినవారి శిశువులలో పుట్టిన వెంటనే వచ్చే మూర్ఛలు సగానికి తగ్గాయి. అది మేలే. కాని ఆ పిల్లలను నాలుగేళ్ళ వయస్సులో పరీక్షించగా సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కలిగే అవయవ వైకల్యం, రెండు వర్గాలలోనూ సమానంగానే కనిపించింది. 37,000 మందికి పైగా తల్లులు పాల్గొన్న 13 పరిశోధనలను కలిపి 2017లో సమీక్షించినప్పుడు కూడా ఇదే ఫలితం వచ్చింది. నవజాత శిశువుల మూర్ఛలు సగమయ్యాయి. మరణాలలో, సెరెబ్రల్ పాల్సీలో చెప్పుకోదగిన తేడా లేదు. సిజేరియన్ ఆపరేషన్లు మాత్రం 60 శాతానికి పైగా పెరిగాయి.

దీనికి కారణమేమిటో 1996లో కాలిఫోర్నియా నుండి వెలువడిన ఒక అధ్యయనం స్పష్టం చేసింది. 1983–85 మధ్య అక్కడి నాలుగు జిల్లాలలో పుట్టిన ఒకటిన్నర లక్షలకు పైగా పిల్లల వివరాలను పరిశీలించారు. నొప్పి తరువాత పదే పదే వేగం పడిపోవడం, గీత చదునుగా మారడం అనే ప్రమాద సూచనలు కనిపించిన, సరైన బరువుతో పుట్టిన శిశువులలో తరువాత సెరెబ్రల్ పాల్సీ వచ్చినవారు 0.19 శాతం మాత్రమే. వేరే మాటలలో చెప్పాలంటే ప్రమాద సూచన కనిపించిన వేయి మందిలో సుమారు ఇద్దరికే ఆ వైకల్యం కలిగింది.

కాబట్టి గీత సాధారణంగా ఉన్నప్పుడు శిశువు ఆ సమయానికి క్షేమంగా ఉన్నదని ధైర్యంగా చెప్పవచ్చు. గీత బాగాలేనప్పుడు మాత్రం శిశువు తప్పకుండా ప్రమాదంలో ఉన్నదని చెప్పడానికి వీలులేదు; జాగ్రత్తగా పరిశీలించవలసి ఉన్నదని మాత్రమే చెప్పవచ్చు. ఈ కారణం చేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, ఆరోగ్యవంతురాలైన గర్భిణికి సహజంగా నొప్పులు వచ్చినప్పుడు ఎడతెగని యంత్ర పరిశీలన అవసరం లేదని, పినార్డ్ గొట్టంతో గాని, చేతితో పట్టుకునే డాప్లర్‌తో గాని నిర్ణీత వ్యవధిలో వినడమే సరైన పద్ధతి అని సూచించింది. నొప్పుల మొదటి దశలో 15 నుండి 30 నిమిషాలకు ఒకసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో 5 నిమిషాలకు ఒకసారి, నొప్పి తగ్గిన వెంటనే కనీసం ఒక నిమిషం పాటు వినాలి. అధిక రక్తపోటు, రక్తస్రావం, ఉమ్మనీటిలో శిశువు మలం, మునుపటి సిజేరియన్, నొప్పులు పెంచే మందు వంటి కారణాలున్నప్పుడు యంత్రం వాడటం వేరే విషయం.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

యంత్రానికి ఇన్ని పరిమితులున్నాయని చెప్పి నిజమైన అశ్రద్ధను కప్పిపుచ్చడం న్యాయం కాదు. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజి 2015లో నెలలు నిండి పుట్టి, ప్రసవ సమయంలో మరణించిన లేక మెదడు తీవ్రంగా దెబ్బతిన్న 1,136 మంది శిశువుల వివరాలను సేకరించింది. పూర్తిగా విచారించడానికి వీలైన 727 సంఘటనలలో 76 శాతం విషయంలో సంరక్షణ వేరుగా ఉండి ఉంటే ఫలితం కూడా వేరుగా ఉండేదేమోనని పరిశీలకులు అభిప్రాయపడ్డారు. ఒక్కొక్క సంఘటనలో ఒకే తప్పు కాక అనేక లోపాలు కలిసి పనిచేశాయి.

ఇటువంటి సంఘటనలలో తరచుగా కనిపించే లోపాలు కొన్ని ఉన్నాయి. యంత్రం శిశువు గుండెకు బదులు తల్లి నాడిని నమోదు చేస్తుండగా ఎవరూ గుర్తించకపోవడం. తల్లి మణికట్టు పట్టుకుని నాడిని సరిపోల్చుకుంటే ఈ పొరపాటు బయటపడుతుంది. పది నిమిషాలలో ఐదు కంటే ఎక్కువ నొప్పులు వస్తున్నా, గీత చెడుతున్నా, నొప్పులు పెంచే మందును ఆపకపోవడం. గీతలో మార్పును నర్సు గమనించినా పెద్ద వైద్యుని పిలవడానికి సంకోచించడం. పిలిచినా ఆయన ఆలస్యంగా రావడం. వచ్చి చూసినా, గీతను మాత్రమే చూసి తల్లి జ్వరాన్ని, రక్తస్రావాన్ని, ప్రసవం ముందుకు సాగకపోవడాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. ఆపరేషన్ చేయాలని నిర్ణయించిన తరువాత మత్తు వైద్యుడు, గది సిద్ధంగా లేకపోవడం.

గీతను చదవడంలో మనిషికి కంప్యూటరు సహాయం చేస్తే ఈ లోపాలు తొలగుతాయని కొందరు ఆశించారు. బ్రిటన్, ఐర్లాండులలో 47,000 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కంప్యూటరు హెచ్చరికల వల్ల శిశువుల స్థితిలో మెరుగుదల కనిపించలేదు. లోపం చాలాసార్లు చూడటంలో కాక, చూసిన తరువాత చేయవలసిన పనిలో ఉండటమే దీనికి ఒక కారణమని చెప్పవచ్చు.

నష్టం వేరు, నిర్లక్ష్యం వేరు

న్యాయశాస్త్రం ముందుగా ఒక తేడాను స్పష్టం చేస్తుంది. చెడు ఫలితం కలిగినంత మాత్రాన వైద్యుడు దోషి కాడు. 1957లో ఇంగ్లండులో స్థిరపడిన బోలమ్ సూత్రం ప్రకారం, అదే రంగంలోని బాధ్యతగల నిపుణులలో ఒక వర్గం సరైనదని ఒప్పుకునే విధంగా వ్యవహరించిన వైద్యుడు నిర్లక్ష్యం చేసినవాడు కాడు. 1970లో ఫోర్సెప్స్‌తో ప్రయత్నం జరిగిన ఒక ప్రసవంలో శిశువు మెదడు దెబ్బతిన్నది. ఆ వ్యాజ్యంలో తీర్పు చెబుతూ 1980లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక ముఖ్యమైన వివరణ ఇచ్చింది. వైద్యుని అంచనా తప్పినంత మాత్రాన నిర్లక్ష్యమని అనరాదు. అలాగే అది కేవలం అంచనా తప్పడమే గనుక నిర్లక్ష్యం కాదని కూడా అనరాదు. సామాన్య నైపుణ్యం గల వైద్యుడు శ్రద్ధతో ఉండి కూడా చేయగల తప్పా, కాదా అన్నదే ప్రశ్న. 1997లో అదే న్యాయస్థానం మరొక మెట్టు ముందుకు వెళ్ళి, నిపుణుల అభిప్రాయం తర్కానికి నిలబడకపోతే న్యాయస్థానం దానిని తోసిపుచ్చవచ్చునని నిర్ణయించింది.

ఈ తేడా ముస్లిం ధర్మశాస్త్రవేత్తలకు కొత్తది కాదు. వైద్య పరిజ్ఞానం ఉన్నవాడుగా పేరులేకుండా వైద్యానికి పూనుకున్నవాడు జామిన్, అంటే నష్టానికి బాధ్యుడు అవుతాడన్న భావం గల హదీసును అబూ దావూద్, నసాయీ, ఇబ్ను మాజా తమ గ్రంథాలలో నమోదు చేశారు. దీని ఆధారంగా డమాస్కస్‌కు చెందిన ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) జాదుల్ మఆద్ గ్రంథంలో వైద్యులను తరగతులుగా విభజించి చర్చించాడు. నైపుణ్యం కలిగి, అనుమతి పొంది, వృత్తి ధర్మాన్ని పూర్తిగా నెరవేర్చిన వైద్యుని చేతిలో హాని కలిగినా అతనిపై బాధ్యత లేదు. వైద్యం తెలియకుండా చేసినవాడు బాధ్యుడు. నైపుణ్యం గలవాడే అయినా చేయి తప్పి, ఆరోగ్యంగా ఉన్న అవయవానికి హాని చేస్తే అతను కూడా బాధ్యుడే. ఫలితాన్ని కాక, విధి నిర్వహణను తూకం వేయడమే ఇక్కడి సూత్రం.

కారణాన్ని నిరూపించడం

నిర్లక్ష్యం రుజువైనంత మాత్రాన వ్యాజ్యం నెగ్గదు. ఆ నిర్లక్ష్యం వల్లనే నష్టం కలిగిందని కూడా చూపాలి. 1861లో విలియం లిటిల్ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లలలోని అవయవ వైకల్యానికి కష్టమైన ప్రసవమే కారణమని ప్రకటించాడు. మనస్తత్వ శాస్త్రవేత్తగా తరువాత పేరుపొందిన ఫ్రాయిడ్ 1897లో దీనిని సందేహించాడు. కష్టమైన ప్రసవం కొన్నిసార్లు ముందే దెబ్బతిన్న శిశువు వల్ల కలిగే పర్యవసానం కావచ్చునని ఆయన వాదించాడు. నెలలు నిండకుండా పుట్టడం, గర్భంలో సోకే వ్యాధులు, జన్యు లోపాలు, పుట్టుకకు ముందే మెదడులో కలిగే రక్తప్రసార లోపాలు కూడా సెరెబ్రల్ పాల్సీకి కారణాలని ఇప్పుడు తెలుసు. ప్రసవ సమయంలోని ఊపిరాడనితనం వల్ల కలిగేవి మొత్తంలో కొద్ది భాగమే.

అందుచేత న్యాయస్థానాలు గీతతోపాటు ఇతర సాక్ష్యాలను కోరుతాయి. బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం స్థాయి వాటిలో ప్రధానమైనది, పి.హెచ్. 7.0 కంటే తక్కువగా ఉండటం తీవ్రమైన ఊపిరాడనితనానికి గుర్తు. పుట్టగానే శిశువు ఏడ్చిందా, మొదటి రోజుల్లో మూర్ఛలు వచ్చాయా, ఇతర అవయవాలు దెబ్బతిన్నాయా, మెదడు స్కానింగులో ఎటువంటి గాయం కనిపించింది అన్నవి మిగిలినవి. వీటన్నింటి తరువాత గడియారం ప్రశ్న వస్తుంది: గీత చెడినది ఎప్పుడు, పిలవవలసినది ఎప్పుడు, పిలిచినది ఎప్పుడు, శిశువు బయటపడినది ఎప్పుడు? శ్రద్ధగల వైద్యుడు ఏ నిమిషానికి శిశువును బయటకు తీసి ఉండేవాడు, ఆ నిమిషానికి మెదడు ఇంకా చెక్కుచెదరకుండా ఉండేదా అన్నదే చివరి ప్రశ్న.

ఇంగ్లండులో 2000 ఏప్రిల్ నుండి 2010 మార్చి వరకు పదేళ్ళలో సుమారు 55 లక్షల ప్రసవాలు జరుగగా, ప్రసూతి సేవలపై 5,087 పరిహార వ్యాజ్యాలు వచ్చాయి. అంటే వేయి ప్రసవాలకు ఒకటి కంటే తక్కువ. కాని వాటి మొత్తం విలువ 310 కోట్ల పౌండ్లు దాటింది. సెరెబ్రల్ పాల్సీ, ప్రసవ నిర్వహణ, సి.టి.జి. గీతను చదవడం అనే మూడు తరగతుల వ్యాజ్యాలే ఆ విలువలో 70 శాతాన్ని ఆక్రమించాయి. ఒక వికలాంగ శిశువుకు జీవితాంతం కావలసిన సేవల ఖర్చు అంతటిది.

భారతదేశంలో పరిస్థితి

భారతదేశంలో వైద్య సేవ వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా సేవ చేసే ఆసుపత్రులకు మాత్రం ఇది వర్తించదు. అక్కడ జరిగిన నష్టానికి సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు బోలమ్ సూత్రాన్ని ఆమోదిస్తూ, వైద్యుని క్రిమినల్ నేరస్థునిగా పరిగణించాలంటే నిర్లక్ష్యం అతి తీవ్రమైనదై ఉండాలని చెప్పింది. 2024 జులై నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్, చికిత్స చేస్తూ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన రిజిస్టర్డు వైద్యునికి రెండేళ్ళ వరకు జైలు శిక్ష, జరిమానా విధిస్తుంది. హైదరాబాదులోని ఒక ఆసుపత్రికి సంబంధించిన కేసులో 2010లో సుప్రీంకోర్టు, ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం తప్పనిసరి కాదని స్పష్టం చేసింది. అయితే గుండె చప్పుడు గీతకు సంబంధించిన వివాదంలో నిపుణుని సహాయం లేకుండా న్యాయమూర్తి ఒక నిర్ణయానికి రావడం కష్టం.

భారతీయ కుటుంబాలకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి కాలం. వినియోగదారుల కమిషనుకు రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషను మన్నించవచ్చు. పిల్లవాని వైకల్యం స్పష్టంగా బయటపడటానికే చాలాసార్లు అంతకాలం పడుతుంది. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం వైద్యుడు ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్ళు మాత్రమే భద్రపరచవలసి ఉన్నది. బ్రిటన్‌లో ఈ గీతలను 25 సంవత్సరాలు భద్రపరచాలని మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. పైగా వేడితో అచ్చయ్యే కాగితం మీది గీత కాలం గడిచేకొద్దీ వెలిసిపోతుంది. సాక్ష్యమే మిగలని చోట నిర్దోషి అయిన వైద్యుడు తన శ్రద్ధను నిరూపించుకోలేడు, నష్టపోయిన తల్లిదండ్రులు తమ ఫిర్యాదును నిరూపించుకోలేరు. అవే నియమాల ప్రకారం రోగి తరఫువారు కోరితే 72 గంటలలోగా రికార్డుల నకళ్ళు ఇవ్వవలసి ఉన్నది. ప్రసవం కష్టమై శిశువుకు ప్రత్యేక చికిత్స అవసరమైన ప్రతి కుటుంబమూ ఈ హక్కును వెంటనే వినియోగించుకోవాలి. గీత నకలును మామూలు కాగితంపై తీయించి దాచుకోవాలి. దీనిని వైద్యుని మీద అపనమ్మకంగా భావించనక్కరలేదు. బిడ్డకు తరువాత చికిత్స చేసే వైద్యునికి కూడా అవి అవసరమే.

భయం వల్ల కలిగే మరొక కీడును కూడా విస్మరించరాదు. గీతలో చిన్న మార్పు కనిపించగానే వ్యాజ్యం గుర్తుకు వచ్చి ఆపరేషన్‌కు పూనుకునే వైద్యుడు తనను తాను రక్షించుకుంటున్నాడు గాని, తల్లిని కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 21.5 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం ఆ విధంగా జరిగాయి. దీనికి కారణాలు అనేకం. అన్నింటినీ యంత్రానికి అంటగట్టడం సరికాదు. అయినా అవసరం లేని ప్రతి కోత తల్లి తరువాతి కాన్పులకు కూడా ముప్పు తెచ్చిపెడుతుందనేది వాస్తవం.

ముగింపు

శిశువు గుండె చప్పుడు గీత నేరాన్ని నిర్ధారించే పత్రం కాదు. అది ప్రసవపు గదిలో ఉన్నవారిని మేలుకొలపడానికి ఉద్దేశించిన హెచ్చరిక. ఆ హెచ్చరికను విన్నారా, దాని అర్థాన్ని నైపుణ్యంతో విచారించారా, తమకు చేతగానప్పుడు చేతనైనవారిని పిలిచారా, సమయం వృథా చేయకుండా చర్య తీసుకున్నారా, జరిగినదంతా గంట, నిమిషాలతో సహా నిజాయితీగా వ్రాసి ఉంచారా అన్న ప్రశ్నలకు అవునని సమాధానం చెప్పగల వైద్యుడు, ఫలితం దుఃఖకరమైనా, దోషి కాడు. చెప్పలేనివాడు ఆ కుటుంబానికి బాకీపడ్డవాడే. తల్లిదండ్రులు కూడా ప్రసవానికి ముందే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవడం మంచిది: గుండె చప్పుడును ఎంత వ్యవధికొకసారి వింటారు, రాత్రివేళ ఎవరు వింటారు, ప్రమాదం కనిపిస్తే ఆపరేషన్ చేయగల వైద్యుడు ఎంతసేపటిలో రాగలడు? ఈ మూడు ప్రశ్నలకు ముందుగా లభించే సమాధానం, తరువాత ఏళ్ళ తరబడి నడిచే వ్యాజ్యం కంటే తల్లికీ బిడ్డకూ ఎక్కువ మేలు చేస్తుంది.